జేబులో ఇమిడిన హ్రస్వతరంగ రేడియో

హ్రస్వతరంగ రేడియో యనగనే మన పెద్దల తలపునకు వచ్చునది గూటిలో అమర్చిన కొయ్యపెట్టె, దానిపై కుట్టుపని చేసిన గుడ్డ, పెరటిచెట్టునుండి వసారా దూలమునకు లాగిన రాగితీగ, సాయంకాలము సిలోను స్టేషను దొరకువరకు ముల్లును ఇటునటు త్రిప్పుచుండెడి ఇంటి యజమాని. ఆ పెట్టె నేడు చాల యిండ్లలో లేదు; ఉన్నచోటను మ్రోగుట లేదు. కాని ఆ తరంగములు ఆకాశమునుండి తొలగిపోలేదు. వానిని పట్టు యంత్రమే చొక్కా జేబులో ఇముడునంత చిన్నదై, పెన్సిలు సెల్లులతోనో, పాత సెల్‌ఫోను బ్యాటరీవంటి పలుచని బ్యాటరీతోనో పనిచేయునదై, మరల మనచేతికి వచ్చినది. దానిని కుతూహలముతో కొని, గదిలో మంచముపై కూర్చుండి మీట నొక్కి, బుసబుసలు తప్ప మరేమియు వినరాక, ఇందులో ఏమియు రాదని సొరుగున పడవేసినవారు అనేకులు కలరు. ఆ నింద యంత్రమునకు చెల్లదు. చిన్న రేడియో పెద్దరేడియోకు తక్కువజాతి బంధువని తలంచుటయే ఇందలి పొరపాటు. నేటి మన యిండ్లయందలి పరిస్థితులను బట్టి చూడగా, ఆ చిన్నదనమే దాని ముఖ్యబలమని నా దృఢవిశ్వాసము. అది ఎట్లో తెలియవలెనన్న ముందు ఈ తరంగముల నడక కొంత తెలియవలెను.

హ్రస్వతరంగములని వ్యవహరింపబడునవి స్థూలముగా 3 మొదలు 30 మెగాహెర్ట్జుల వరకు గల పౌనఃపున్యము కలవి. వాని దైర్ఘ్యము నూరు మీటర్లనుండి పది మీటర్ల వరకు నుండును. రేడియో ముఖముపై 31 అనియు 41 అనియు కనబడు మీటర్ల సంఖ్యకును, దాని ప్రక్కనుండు కిలోహెర్ట్జుల సంఖ్యకును గల సంబంధము మిక్కిలి సులభము: మూడు లక్షలను కిలోహెర్ట్జుల సంఖ్యచేత భాగించినచో మీటర్లు తేలును. 9,600 చేత భాగించి చూడుడు, 31 పై చిల్లర వచ్చును; కావుననే 9,400 మొదలు 9,900 వరకు గల భాగమునకు 31 మీటర్ల బ్యాండు అని పేరు. ఎఫ్.ఎమ్. తరంగము దృష్టిరేఖ వెంట సాగి కొన్ని పదుల కిలోమీటర్లతో సరిపెట్టుకొనును. మధ్యతరంగము పగటివేళ నేలనంటి పోయి కొన్ని వందల కిలోమీటర్లకు క్షీణించును. హ్రస్వతరంగము మాత్రము నింగికెగసి, అచట వంగి, మరల భూమిపై దిగి, ఒక్క దూకునకే నాలుగువేల కిలోమీటర్లవరకు పోగలదు. దిగినచోట నేలనో సముద్రమునో తాకి మరల ఎగయును. ఇట్లు రెండుమూడు దూకులలో ఖండాంతరములను చేరును.

అది వంగుచోటు అయనావరణము. సూర్యుని అతినీలలోహిత కిరణములు, ఎక్స్‌కిరణములు పైగాలిలోని అణువులనుండి ఎలక్ట్రానులను ఊడబెరుకుటచేత ఏర్పడిన విద్యున్మయమగు పొరల సమూహమది. అట్టి పొర యుండవలెనని 1902లో అమెరికాయందు కెన్నెలీ, ఇంగ్లండునందు హెవిసైడు వేర్వేరుగా ఊహించిరి. 1924లో ఆపిల్టను ప్రయోగపూర్వకముగా నిరూపించి, 1947లో నోబెల్ బహుమానమందెను. మన దేశమున ఈ విద్యకు పాదు కట్టినది కలకత్తా విశ్వవిద్యాలయపు శిశిరకుమార మిత్ర. పై వాతావరణమును గూర్చి ఆయన రచించిన బృహద్గ్రంథము 1947లో వెలువడినది. మన వాల్తేరులోను ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య బి. రామచంద్రరావుగారి ఆధ్వర్యవమున అయనావరణ పరిశోధన సాగినది. తిరుపతి చేరువ గాదంకియందు 53 మెగాహెర్ట్జుల రాడారు నేటికిని మీది వాతావరణమును పరీక్షించుచున్నది. చొక్కాజేబులోని యంత్రము కూడ ఆ పొరల స్థితినే మనకు చెవులద్వారా తెలుపుచున్నదన్న సంగతి నాకు ఎన్నటికిని పాతబడని ఆనందము.

ఈ పొరలు పగలొక తీరున, రాత్రి యొక తీరున ఉండును. పగటివేళ అరువది మొదలు తొంబది కిలోమీటర్ల ఎత్తున డి పొర యేర్పడి, తక్కువ పౌనఃపున్యములను మ్రింగివేయును. అందుచే 60, 49, 41 మీటర్లయందు దూరపు స్టేషనులు మధ్యాహ్నమున దాదాపు మూగవోవును. అస్తమయమైన కొంతసేపటికి ఆ పొర కరగిపోయి, రెండువందల కిలోమీటర్లకు పైనున్న ఎఫ్ పొర చేరుటకు దారి తెరపి పడును. అంతవరకు మౌనము వహించిన బ్యాండులు ఒక్కొక్కటిగా మేల్కొనును. ఎక్కువ పౌనఃపున్యముల సంగతి దీనికి విపర్యయము: 16, 13 మీటర్లు ఎండవేళ బాగుగ పలికి, చీకటిపడిన కొలది సద్దుమణుగును. మధ్యనున్న 31, 25, 19 మీటర్లు ఉభయసంధ్యలయందును సందడిగా నుండును. క్రొత్తగా కొన్నవారు ఇంతమాత్రము జ్ఞాపకముంచుకొన్నను చాలును: పగలు పెద్ద సంఖ్యల కిలోహెర్ట్జులు, రాత్రి చిన్న సంఖ్యలు, సూర్యోదయ సూర్యాస్తమయములకు ఇరుప్రక్కల రెండేసి గంటలు అన్నిటికంటె శ్రేష్ఠము. సూర్యబింబముపై మచ్చలు సుమారు పదునొకండేండ్ల కొకమారు హెచ్చుచు తగ్గుచు నుండును. ఇప్పటి చక్రము 2024 ప్రాంతమున పతాకస్థాయి నందుకొన్నది గావున, ఈ సంవత్సరములలో పగటి బ్యాండులు మంచి చురుకుగా నున్నవి. ఒక్కొక్కప్పుడు మిట్టమధ్యాహ్నము బ్యాండు మొత్తము ఒక్కసారిగా మూగవోయి, అరగంటకో గంటకో మెల్లగా తేరుకొనును. బ్యాటరీ అయిపోయినదని కంగారుపడవలదు. సూర్యునియందు ఒక జ్వాల యెగసి డి పొరను హఠాత్తుగా దట్టము చేసినదన్నమాట. అట్లే భూమధ్యరేఖకు చేరువనున్న మన ప్రాంతములలో సంధ్య దాటినపిమ్మట కొన్ని స్టేషనుల కంఠము గడగడ వణకును. ఎఫ్ పొర యందు ఆ వేళ జరుగు కల్లోలమే దానికి కారణము. రాత్రి ముదిరిన కొలది అది శమించును.

తెలుగునాటి శ్రోతకు ఈ బ్యాండులతో గల అనుబంధము చిన్నది కాదు. హైదరాబాదు ఆకాశవాణి చిరకాలము 60 మీటర్ల బ్యాండున, 4,800 కిలోహెర్ట్జులపై పలికినది. నిట్టనిలువుగా పైకి పోయి నిట్టనిలువుగా దిగివచ్చు నట్టి తరంగము రాష్ట్రమంతటను పరచుకొనునన్న లెక్కమీదనే ఉష్ణమండల దేశములు ఆ బ్యాండును స్వదేశ ప్రసారములకు వాడుకొన్నవి. ఆగ్నేయాసియాలోని తెలుగువారికై ఆకాశవాణి విదేశవిభాగము తెలుగు కార్యక్రమమును పంపినదియు హ్రస్వతరంగములమీదనే. 1952 తరువాత సమాచార ప్రసారశాఖా మంత్రి కేస్కరు కాలమున ఆకాశవాణిలో సినిమాపాటలకు చోటు తగ్గినపుడు, జనము ముల్లును సిలోనువైపు త్రిప్పిరి. రెండవ ప్రపంచ యుద్ధములో సైనికులకొరకు ఏర్పడిన ప్రసారకేంద్రము వారసత్వముగా లభించిన ఆ స్టేషను హిందీ పాటలతోపాటు తెలుగు పాటలను కూడ మన వాకిళ్ళకు చేర్చినది. దానికి పోటీగా మన ప్రభుత్వము 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభింపవలసివచ్చినది. అంతకుముందు, 1942 ఆగస్టులో ఉషామెహతా ప్రభృతులు బొంబాయిలో రహస్యముగా నడపిన కాంగ్రెసు రేడియో తన తావు 42.34 మీటర్లని ప్రకటించుకొనెడిది. లెక్కవేసినచో అది 7,080 పై చిల్లర కిలోహెర్ట్జులు; నేడు హ్యాము ఔత్సాహికులకు కేటాయించిన భాగమున పడును. జేబురేడియోను ఆ అంకెకు త్రిప్పినవారికి ఇప్పుడు వినబడునది వారి సంభాషణమే. వారు వాడు ఏకపార్శ్వ (ఎస్.ఎస్.బి.) పద్ధతిని విప్పు మీట రేడియోకు లేనిచో అది బాతుల కూతవలె తోచును, ఉన్నచో మనుష్యభాషగా మారును.

ఇక అసలు విషయము. ఈ రేడియోకు పరమశత్రువు దూరము కాదు, ఇంటిలోని విద్యుత్పరికరముల రొద. ఎల్.ఇ.డి. బల్బు, సెల్‌ఫోను చార్జరు, వై-ఫై పెట్టె, ఇన్వర్టరు, టీవీ, ఫ్యాను రెగ్యులేటరు, ఇంటికప్పుమీది సోలారు పలకలకు తగిలించిన పెట్టె, వీటిలో పెక్కింటిలోపల విద్యుత్తును క్షణమునకు వేలమార్లు తెంచుచు కలుపుచు నుండు భాగము కలదు. ఆ తెంపుటలు కలుపుటలు హ్రస్వతరంగములలోనే రొదగా వెలువడును. గోడలలోని వైర్లు వానికి ఏరియలుగా పనిచేసి ఇల్లంతటను ప్రసారము చేయును. కొయ్యపెట్టె రేడియో కాలమున ఇంట నాలుగు ఫిలమెంటు బల్బులు తప్ప మరేమియు లేవు. అప్పటికిని ఇప్పటికిని ఆకాశము మారలేదు, ఇల్లు మారినది.

దీనిని పరీక్షించుటకు ఒక ప్రత్యక్షమార్గము కలదు. రాత్రి ఎనిమిది గంటలప్పుడు, 31 మీటర్లలో స్టేషను ఏదియు లేని తావున రేడియోను నిలిపి, యాంటెన్నా కడ్డీని నిండుగా లాగి, శబ్దము కొంచెము పెంచి, చేతబట్టుకొని ఇంటిలో నడువవలెను. పడకగదిలో చార్జరు చెంత అది గీమని సాగదీయును. వంటయింటి బల్బు క్రింద గరగరలాడును. టీవీ ముందు పరుషమగు మ్రోత, దానిలో టకటకలు. కిటికీకడకు పోగా కొంత నెమ్మదించును. దొడ్డి గుమ్మము దాటి పది యడుగులు పోగా, అంతవరకు పైపైకి నిలిచియున్న రొద యొక్కసారిగా క్రిందికి జారి, దాని వెనుకనుండి ఏదో దూరదేశపు సంగీతము, ఏదో తెలియని భాషలోని వార్తలు పైకి తేలును. ఈ రొద మూలస్థానమునకు దూరము పెరిగిన కొలది అతివేగముగా క్షీణించు స్వభావము కలది. పది యడుగుల దూరము పది రూకల యాంటెన్నా కంటె విలువైనది. గోడకు మేకుకొట్టి తగిలించిన పెద్దరేడియో ఈ పది యడుగులు నడువజాలదు, జేబురేడియో నడువగలదు. చిన్నదనమే దాని బలమని నేనన్నది ఇందుకే. డాబాపై నీళ్ళతొట్టి ప్రక్క, పొలముగట్టున, సముద్రపుటొడ్డున, కరెంటు పోయిన రాత్రి వీధి యరుగుమీద, ఎచ్చట విద్యుత్తు పలుచనో అచ్చటికి దానిని తీసికొనిపోవుటయే దానిని ఉపయోగించుట. అపార్టుమెంటు నివాసులకు నా సలహా యొక్కటే: ఉక్కుకడ్డీల కాంక్రీటు గోడల నడుమ కూర్చుండి వినవలదు, బాల్కనీ కటకటాల వెలుపలికి కడ్డీ పోవునట్లు నిలుచుండుడు, వీలైనచో మీ యింటి మెయిను స్విచ్చిని కొంతసేపు ఆపి చూడుడు. మీయింటి రొద యెంత, పొరుగింటి రొద యెంత అన్నది ఒక్క నిమిషమున తేటపడును. చార్జింగు వైరు తగిలించి వినుట వినకుండుటతో సమానము. అది పీకి పిమ్మట వినవలెను.

యంత్రముల విషయమున రెండు జాతులు కలవు. ముల్లును చక్రముతో త్రిప్పు పాతరకములలో అయిదువందల కిలోహెర్ట్జుల బ్యాండు అంగుళము పొడవు గీతలో ఇరికి యుండును. స్టేషనులు అయిదేసి కిలోహెర్ట్జుల ఎడముతో నుండుటచేత, గోరుతో వెంట్రుకవాసి కదిపినను రెండు స్టేషనులు దాటిపోవును. చక్రముపై వ్రేలి కొనను ఆనించి, త్రిప్పుటకు బదులు ఒత్తిడి మార్చుచు వినుట నేర్చుకొనవలెను. ఇట్టి రకములలో ఒక విచిత్రము: 11,800 కిలోహెర్ట్జులపై బలముగ మ్రోగు స్టేషను 10,890పై కూడ వినబడును. అచట నిజముగా స్టేషను లేదు. ఆర్మ్‌స్ట్రాంగు 1918లో కనిపెట్టిన సూపర్‌హెటరోడైను పద్ధతిలో వచ్చు తరంగమును 455 కిలోహెర్ట్జులకు దించి పెంచుదురు. దానికి రెట్టింపగు 910 కిలోహెర్ట్జుల ఎడమున ఆ స్టేషను ఛాయ యేర్పడును. రెండు తావులయందు ఒకే పాట వినబడినపుడు ఈ 910 తీసివేసి చూచినచో మర్మము బయటపడును. రెండవ జాతి అంకెలు చూపునవి. 1988లో సోనీవారు వెలువరించిన ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ 1 క్యాసెట్టు డబ్బా పరిమాణమున అంకెల రేడియో యొక్క పూర్తిగుణములను చూపి లోకమును ఆశ్చర్యపరచినది. ఇప్పుడు టెక్సన్ మొదలగు చీనా కంపెనీల రేడియోలలో ఆ పని యంతయు మూడు మిల్లీమీటర్ల చదరపు చిప్పు చేయుచున్నది. ఇందు 9,690 అని నొక్కినచో సరిగా అదే తావునకు పోవును. అయినను నేను చక్రమును మెల్లగా త్రిప్పుచు బ్యాండు చివరనుండి చివరకు పోవుట మానను. అంకెలు నొక్కువానికి తాను వెదకిన స్టేషను మాత్రమే దొరకును, త్రిప్పువానికి వెదకనివి కూడ దొరకును. ప్రక్కస్టేషను ఈలవేసి బాధించినపుడు బ్యాండువిడ్తును 6నుండి 3 కిలోహెర్ట్జులకు తగ్గింపవలెను; కంఠము కొంత బొంగురుపోవును, కాని మాట తేటపడును.

ఏరియలు సంగతి క్లుప్తముగ చెప్పెదను. అయిదారు మీటర్ల సన్నని తొడుగు తీగను కడ్డీ కొనకు బట్టల క్లిప్పుతో తగిలించి, రెండవ కొనను ఇంటికి దూరముగ, జామకొమ్మకో వేపకొమ్మకో కట్టినచో చాలును. కరెంటు తీగల ప్రక్కకు ఎన్నడును తీసికొనిపోరాదు. ఉరుములు విన్నంతనే తీసివేయవలెను. మరీ పొడవు తీగ కట్టినచో జేబురేడియో తట్టుకొనజాలక, ఊరిలోని మధ్యతరంగ కేంద్రమే ప్రతిచోటను దూరి పలుకును. లోకల్, డీఎక్స్ అను చిన్నమీట ప్రక్కన నున్నచో అట్టివేళ లోకల్ వైపు నెట్టవలెను. రేడియోను చేతపట్టినపుడు ధ్వని పెరిగి, బల్లపై పెట్టగనే తగ్గుటను చూచి భ్రమపడవలదు. మన దేహము ఆ చిన్న యంత్రమునకు నేలవంటి ఆధారమగుచున్నది. ఇయర్‌ఫోను తీగయు కొంతవరకు ఆ పనియే చేయును, పైగా బ్యాటరీ ఖర్చు తగ్గించును. నెలకొలది వాడనిచో సెల్లులను తప్పక తీయవలెను. వాని కారుడు లోహపు బద్దలను తినివేసినచో బాగుచేయువారు నేడు దొరకరు. మధ్యతరంగము వినునపుడు కడ్డీతో పనిలేదు. లోపల ఫెరైటు కమ్మీ యున్నది, రేడియోనే కొంచెము ఇటునటు త్రిప్పవలెను. కోస్తావారికి ఇట్టి సెల్లుల రేడియో మరింత ముఖ్యము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు కరెంటు, సెల్‌ఫోనులు దినములతరబడి మూగపోయినవి. అట్టివేళ సెల్లులతో పనిచేయు ఈ పిడికెడు యంత్రము ఇంటనుండుట ఎంత ధైర్యమో అనుభవించినవారికి తెలియును.

ఇక వినదగిన దేమున్నదన్న ప్రశ్న. తరిగినదన్నమాట నిజము, అది నాకు వ్యథ కలిగించుచున్నది. బీబీసీ హిందీ 2020 జనవరి చివరను ఈ తరంగములను విడిచినది. మన ఆకాశవాణియు ప్రాంతీయ కేంద్రముల హ్రస్వతరంగ ప్రసారములను క్రమముగ మూసివేసినది. తీగలేని, ఖాతాలేని, ఎవడు వినుచున్నాడో ఎవ్వరికిని తెలియని ప్రసారమార్గము ఒక్కటైన ప్రజలకు మిగులవలెనని నా కోరిక. దానిని ఖర్చు లెక్కలతోనే తూచుట సరికాదు. అయినను బ్యాండులు శూన్యములు కావు. సాయంకాలము చీనా అంతర్జాతీయ రేడియో పెక్కు భాషలలో పలుకుచునే యున్నది. రుమేనియా, టర్కీ, వియత్నాము, తైవాను, జపాను, వాటికను, న్యూజిలాండు ఇప్పటికిని ప్రసారము చేయుచున్నవి. 5, 10, 15 మెగాహెర్ట్జులపై చీనా కాలప్రమాణ కేంద్రము బి.పి.ఎమ్. టిక్కుటిక్కుమని సెకండ్లను లెక్కించుచుండును. ఏ వేళ ఏ బ్యాండు తెరచియున్నదో తెలిసికొనుటకు ఆ మూడు తావులు మంచి కొలతబద్దలు.

స్టేషనుల కాలపట్టికలు మార్చి చివరి ఆదివారమునను, అక్టోబరు చివరి ఆదివారమునను మారును. అందులోని గంటలు సమన్వయిత విశ్వసమయము ప్రకారము వ్రాయబడి యుండును గనుక అయిదున్నర గంటలు కలుపుకొనవలెను, 14.00 అన్నచో మనకు రాత్రి ఏడున్నర. విన్నదానిని స్టేషనుకు వ్రాసిన వారికి పలు కేంద్రములు ఇంకను, విన్నమాట నిజమని ధ్రువపరచు క్యూ.ఎస్.ఎల్. కార్డులు పంపుచున్నవి. తేదీ, వేళ, కిలోహెర్ట్జులు, విన్న కార్యక్రమపు వివరములు రెండుమూడు, వాని క్రింద ఒకటినుండి అయిదువరకు అయిదు అంకెలు: ధ్వనిబలము, ఇతర స్టేషనుల అడ్డు, రొద, తరంగపు నిలకడ, మొత్తముమీద వినికిడి. పొగడ్తలు వ్రాయుటకంటె ఉన్నదున్నట్లు వ్రాయుట మేలు. 35433 అని నిజాయితీగా వ్రాసిన లేఖ ఇంజనీరునకు 55555 కంటె ఎక్కువ ఉపకరించును. తేదీ విషయమున మాత్రము జాగ్రత్త వహింపవలెను: మనకు తెల్లవారుజామున నాలుగు గంటలైనపుడు విశ్వసమయము ప్రకారము ఇంకను ముందటి రోజు రాత్రి పదిన్నరయే.